తుప్పు తిన్న స్ప్రింగులకు ఇక రంగు వేయం

మా షెడ్డుకి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం.

ఈ మధ్య పాత కార్ల చక్రాల దగ్గరుండే స్ప్రింగుల విషయంలో మీకూ మాకూ మాటామాటా పెరుగుతోంది. "కాస్త రంగు కొడితే పోయేదానికి వేలల్లో బిల్లా?" అని ఒకరు, "ఆటోనగర్‌లో కూర్చుని పాత స్ప్రింగు లేదంటావేంటయ్యా?" అని ఇంకొకరు. అందుకే మా పద్ధతి ఒకసారి రాసి పెడుతున్నాను.

పాతది దొరక్క కాదండీ. వీధి చివరికి వెళ్తే ఏ కారుదైనా దొరుకుతుంది, బేరమాడితే ఇంకా తగ్గుతుంది. అయినా మా షెడ్డులో పాత స్ప్రింగు బిగించం. గుంటలు పడ్డ స్ప్రింగుకి రంగు వేసి పంపించం.

తుప్పంతా ఒకటి కాదు. వైర్ బ్రష్‌తో రుద్దితే ఎర్ర పొడి రాలి, కింద నున్నటి ఇనుము కనిపిస్తే భయం లేదు. ప్రైమరు, రంగు వేసి ఇస్తాం, మార్చమని మేమే చెప్పం. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొలుసులుగా ఊడి, గోరుకి తగిలేంత గుంటలుంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. బండి నడిచినంతసేపూ స్ప్రింగు నొక్కుకుంటూ లేస్తూ ఉంటుంది. ఆ ఒత్తిడంతా గుంట దగ్గర పోగై, సన్నటి పగులు మొదలై, లోపలికి పాకుతుంది. మీద రంగు వేస్తే పగులు ఆగదు. మన కంటికి కనపడదు, అంతే.

ఎక్కువగా విరిగేది కింది చుట్టు. స్ప్రింగు కూర్చునే గిన్నెలో బురద చేరితే తడి ఓ పట్టాన ఆరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మన విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడు అందరి గోలా ఇంజన్, వైరింగ్, సీట్ల గురించే. గిన్నెలో ఇరుక్కున్న ఒండ్రు ఎవరికి గుర్తుంటుంది?

మొన్న అటువైపు నుంచే ఒక పాత డీజిల్ కారు వచ్చింది. స్టీరింగ్ తిప్పితే టక్కుమంటోందని, ముందు ఒక పక్క కాస్త కిందికి దిగిందని ఆయన కంప్లైంటు. చక్రం విప్పితే కింది చుట్టు విరిగి, ముక్క గిన్నెలోనే ఉంది. విరిగిన చోటు ఆయనకే చూపించాను. సగం నల్లగా తుప్పు పట్టి ఉంది, సగం తళతళలాడుతోంది. నల్లటి సగం ఎప్పటి నుంచో పగిలి ఉన్నది, మెరిసేది కొత్తగా తెగినది. ఆ మొన టైరుకి రెండు వేళ్ల దూరంలో ఉంది. గుంటూరు హైవే మీద స్పీడులో ఉండగా గుచ్చుకుంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

ఇక స్క్రాప్ స్ప్రింగు సంగతి. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అమ్మేవాడికీ తెలియదు. ఒకే మోడల్‌లో కూడా డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి పెట్రోలు బండి స్ప్రింగు దానికి సరిపోకపోవచ్చు. కంపెనీ గుర్తుగా పెట్టే రంగు చుక్కలు ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి. విరిగినదాన్ని వెల్డింగ్ చేయమని మాత్రం అడగొద్దు, వేడికి ఆ ఉక్కు గుణమే పోతుంది.

ఒక పక్క విరిగినా అదే వరసలో రెండూ మారుస్తాం, లేకపోతే రెండు వైపులా ఎత్తు కలవదు. ఖర్చు తగ్గాలంటే షాకబ్జార్లు మార్చేటప్పుడే స్ప్రింగులూ చూడమనండి. చాలా కార్లకి ముందు వైపు షాకబ్జారు, స్ప్రింగు రెండూ ఒకే సెట్టు, విప్పే కూలీ ఒకటే. తర్వాత విడిగా వస్తే మళ్లీ కూలీ, మళ్లీ అలైన్‌మెంటు.

సూర్యలంక, మంగినపూడి బీచ్‌లకి వెళ్లి ఇసుకలోకి బండి దింపేవాళ్లు తిరిగి రాగానే కింద, ముఖ్యంగా ఆ గిన్నెల్లోకి, మంచినీళ్ల పైపు పెట్టి కడిగించండి. తుప్పు పట్టకుండా కాలిన ఇంజనాయిల్ పూయించే అలవాటుంటే మానేయండి, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి.

ఈ పద్ధతి నచ్చక కొందరు వేరే షెడ్డుకి మారారు. గల్లాపెట్టెలో తేడా తెలుస్తూనే ఉంది. అయినా పదిహేనేళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లే బండికి అడుగున చిల్లులు పడి ఉంటే, స్ప్రింగుల మీద డబ్బు పెట్టొద్దని కూడా మేమే చెప్తున్నాం.

పాత మోడళ్లకి కొత్త స్ప్రింగులు ఆర్డరు పెట్టి తెప్పించాలి, అడ్వాన్సు తీసుకుంటాం. తీసినవి మీ డిక్కీలోనే వేస్తాం. స్ప్రింగుని క్లాంపులతో నొక్కిపెట్టి విప్పాలి, అది జారితే మా కుర్రాళ్ల ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి పక్కన నిలబడి తొందరపెట్టకుండా బండి వదిలి వెళ్లండి. భోగి ముందు రోజు తెచ్చి సాయంత్రానికి ఊరెళ్లాలంటే ఈ పని ఒప్పుకోం.