చీమకుర్తి రాతిముక్కతో పెరటి పనిబల్ల

సంపాదకులకు నమస్కారం.

పెరట్లోని ప్లైవుడ్ బల్ల ఈశాన్య రుతుపవనాల వానలకు నాని పొరలు పొరలుగా విడిపోవడంతో, ఇల్లు కట్టగా మిగిలిన సామానుతోనే కొత్తది చేయించుకున్నాను. పైన పరిచింది వంటగట్టుకు కోయగా మిగిలిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు; 18 మిల్లీమీటర్ల మందమున్న ఆ రాయి చదరపు మీటరుకు 50 కిలోలకు పైగా తూగుతుంది గనుక, పాత ద్వారబంధాల టేకుతో కాళ్లు పెట్టించి, తేమ ఎక్కకుండా వాటి కింద గ్రానైటు పెచ్చులు వేయించాను. ఉప్పుగాలికి ఇనుప మేకులు నిలవవు. స్టెయిన్‌లెస్ స్టీలు మరలే మేలు. నీరు నిలవకుండా బల్లకు ఒకవైపు కొద్దిగా వాలు ఉంచాలి. తడిసినప్పుడు ఆ నల్లరాతిలో మెరిసే బంగారు చుక్కలను చూస్తే, ఇటువంటి ముక్కలను చెత్తగుట్టల్లో పారబోయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. పాలిషింగ్ యూనిట్ల యజమానులు వాటిని వడ్రంగులకు, తాపీ మేస్త్రులకు తక్కువ ధరకు ఇవ్వవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, ఒంగోలు