ఆ నీలం ఆకాశానిది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీలోని కాప్రి దీవి గురించి, అక్కడి సముద్రపు గుహ ‘బ్లూ గ్రోటో’ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, ఓపిగ్గా రాశారు కూడా. కానీ ‘ఆకాశపు నీలిరంగు నీళ్లలో ప్రతిఫలించడం వల్ల గుహంతా నీలంగా మెరుస్తుంది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని. అలాంటి వాక్యం కనపడితే చెయ్యి తనంతట తనే ఎర్రసిరా పెన్ను వెతుక్కుంటుంది. అయినా ఊరుకునేదాన్నేమో. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు స్కూల్ ప్రాజెక్టులోకి ఎక్కించింది. తప్పే అంటే, ‘పేపర్లోనే వేశారు కదా అమ్మమ్మా’ అంది. అది ఆ గుహలోకి నాతోపాటు వచ్చిన పిల్లే! అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట జూన్‌లో అమ్మాయి, అల్లుడు, మనవరాలితో కలిసి కాప్రి వెళ్లాను. నేపుల్స్ నుంచి వేగంగా వెళ్లే పడవలో గంటలోపు ప్రయాణం. మొదటి రోజు గుహ మూసేశారు. వాన లేదు, మబ్బు లేదు, ఎండ కాస్తూనే ఉంది. గాలి కొంచెం గట్టిగా వీస్తోంది, అంతే. మాకు టికెట్లు కుదిర్చిన ఏజెంటు ఇలా జరగొచ్చని మాటవరసకైనా అనలేదు. మీ వ్యాసంలోనూ ఆ ముక్క లేదు. గుహ నోరు నీటిమట్టానికి పైన ఒక మీటరు ఎత్తు, అటూ ఇటూగా. కొద్దిపాటి అల లేచినా పడవ పైకి లేస్తుంది, తలలు రాతికి కొట్టుకుంటాయి. కాబట్టి మూస్తారు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోదామనుకునే వాళ్లు ఈ సంగతి తెలుసుకుని బయల్దేరడం మంచిది. మేం రెండు రాత్రులు ఉన్నాం కనక మర్నాడు చూడగలిగాం.

మరీనా గ్రాండే రేవు నుంచి మోటారు పడవలో గుహ ముందు దాకా తీసుకెళ్తారు. అక్కడ పడవల మంద. గంటకు పైగా ఆ ఊగుడులో కూర్చున్నాం. అల్లుడికి వాంతి వచ్చినంత పనైంది. టికెట్ కౌంటరు కూడా ఒక పడవే. మేం వెళ్లినప్పుడు మనిషికి 18 యూరోలు. మోటారు పడవ డబ్బులు వేరు. అన్నీ కలిపే కట్టామనుకున్న మాకు ఈ 18 అక్కడే తెలిసింది. తర్వాత మోటారు పడవ నుంచి చిన్న తెడ్డు పడవలోకి మారాలి. రెండూ చెరోవైపు ఊగుతుంటాయి. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు, మధ్యలో ఆగిపోయాను. పడవ నడిపే ఆయన రెండు చంకల కింద చేతులు వేసి, బియ్యం బస్తాను దించినట్టు నన్ను దించేశాడు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు దీవిలోనే ఉన్న అనకాప్రి ఊరి నుంచి బస్సులో వెళ్తే ఈ దాటుడు తగ్గుతుందనుకోవద్దు. అక్కడ మెట్లు దిగాలి, చివరికి ఎక్కాల్సింది ఈ తెడ్డు పడవే.

పడవకు నలుగురు. లోపలికి వెళ్లేటప్పుడు అందరం వెల్లకిలా పడుకోవాలి. నా తల అమ్మాయి ఒళ్లో, మనవరాలి తల నా పొట్ట మీద. రాతికి బిగించిన గొలుసు ఒకటి ఉంటుంది. పడవాయన దాన్ని పట్టుకుని, అల దిగే క్షణం కోసం చూసి, ఒక్క లాగు లాగి తనూ మా మీదికి వాలిపోయాడు. ముక్కుకి జానెడు దూరంలో రాయి వెళ్లిపోయింది. లేచి కూర్చున్నాం.

పైన కప్పు చీకటి. కింద నీళ్లు వెలుగుతున్నాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. ఆకాశం ప్రతిఫలించాలంటే ముందు ఆకాశం కనపడాలి కదా! అక్కడ ఆకాశమే లేదు. వెలుగు పై నుంచి కాదు, కింది నుంచి వస్తోంది. మేం దూరిన కన్నం చిన్నది. దాని కిందే, పూర్తిగా నీళ్లలో మునిగి, వైశాల్యంలో దానికి పదింతలుండే మరో ద్వారం ఉంది. రెంటి మధ్య ఒకటి రెండు మీటర్ల మందాన రాతి దూలం లాంటిది అడ్డం. ఎండ ఎక్కువగా ఆ కింది ద్వారంలోంచి, నీళ్ల గుండా లోపలికి వస్తుంది. నీరు ఎరుపుని పీల్చుకుంటుంది. పది మీటర్ల నీళ్లు దాటేసరికి ఎరుపు దాదాపు మిగలదు. నీలం మిగులుతుంది. అడుగునున్న ఇసుక మీద పడి పైకి లేచేది ఆ మిగిలిన వెలుగే. ఇక్కడ నీళ్లు అద్దం కాదు, వడపోత గుడ్డ.

ఇది పుస్తకంలోది అప్పజెప్పడం కాదు. ఆ రోజు నా చేతికి ఎర్ర గాజులున్నాయి. లోపలికి వెళ్లాక చూసుకుంటే దాదాపు నల్లగా ఉన్నాయి. అమ్మాయి పచ్చిపసుపు రంగు చున్నీ ఏదో బూడిదరంగుకి తిరిగింది. ఆలోచించండి: ఇంటి వసారాలో ఎండ పడనిచోట, ఆకాశపు వెలుతురు మాత్రమే ఉన్నచోట, ఎర్ర గాజులు ఎర్రగానే కనపడతాయి. ఆకాశపు వెలుగులో నీలం పాలు ఎక్కువే గానీ ఎరుపూ ఉంటుంది. గుహలో ఆ ఎరుపు లేదు, కాబట్టి గాజుకి తిప్పి పంపడానికి ఏమీ లేదు. చెయ్యి నీళ్లలో ముంచితే వెండి పూత పూసినట్టయింది. చర్మానికి అంటుకున్న సన్నటి గాలి బుడగల మీద వెలుగు పడి అలా మెరుస్తుంది. మనవరాలు అయిదు నిమిషాలూ చెయ్యి బయటికి తియ్యలేదు. అవును, మనకిచ్చేది అయిదు నిమిషాలే. అందులో పడవాయన పాట ఒకటి, ఆ తర్వాత బక్షీసు గురించి చిన్న సూచన ఒకటి.

మీ రచయితను మరీ తప్పు పట్టను. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబమేనని రేలీ అంతటి శాస్త్రవేత్తే అన్నాడు. దాన్ని ఒప్పుకోనివాడు విశాఖ సముద్రం పక్కన చదువుకున్న సి.వి. రామన్. 1921లో ఇంగ్లండ్ ప్రయాణంలో ఓడ ఇదే మధ్యధరా సముద్రం మీద పోతుంటే, జేబులో పట్టే నికోల్ పట్టకం (ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే స్ఫటికం) ఒకటి కంటికి పెట్టుకుని, నీటి మీద పరావర్తనం చెందే కాంతిని అడ్డుకుని చూశాడు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. తిరుగు ప్రయాణంలో ‘ఎస్.ఎస్. నార్కుండా’ ఓడ బొంబాయి రేవు చేరేసరికే ‘నేచర్’ పత్రికకు ఉత్తరం సిద్ధమైంది. ఆ దారి వెంట వెళ్లే 1930లో నోబెల్ దాకా చేరాడు. అయితే ఆయన చెప్పింది నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం గురించి. ఈ గుహలో ప్రధానంగా జరిగేది ఎరుపుని పీల్చుకోవడం. ఒకటి పరిక్షేపణం, ఒకటి శోషణం. ప్రాజెక్టులో ఈ రెండూ కలిపేస్తే మళ్లీ మార్కులు తీసేస్తానని మనవరాలికి చెప్పాను.

ఇంకో చిన్న మాట. 1826లో జర్మన్ చిత్రకారుడు కోపిష్ ఈ గుహను ‘కనిపెట్టాడు’ అని రాశారు. ఆయనను అక్కడికి తీసుకెళ్లింది ఆ దీవి జాలరే. దయ్యాలున్నాయని జనం లోపలికి పోయేవాళ్లు కాదు గానీ, గుహ ఉందని వాళ్లకి ఎప్పుడూ తెలుసు. రోమన్ల కాలంలోనే అది వాడుకలో ఉంది. 1964లో అడుగు నుంచి రోమన్ విగ్రహాలు పైకి తీశారు, ఇప్పుడవి అనకాప్రి మ్యూజియంలో ఉన్నాయి. మేం చూశాం. ఉప్పునీళ్లలో ఉండి ఉండి ముఖాలు తినేసినట్టున్నాయి.

రంగు గురించిన వాక్యానికి మాత్రం రెండు లైన్ల సవరణ వేయగలరు. మనవరాలు ప్రస్తుతానికి పెన్సిలుతో కొట్టేసింది. పేపర్లో వస్తేనే పెన్నుతో దిద్దుతానంటోంది. ప్రాజెక్టు ఇవ్వాల్సింది వచ్చే సోమవారం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచరు