కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో సీ ఆటర్లను చూడటానికి వెళ్లేవాళ్లకి

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి గాలి పెరిగి నీళ్లు అలలెక్కుతాయి, తలలు కనపడవు. జెట్టీ రోడ్డు పక్కన ఒడ్డు మీద నిలబడినా సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు, బాగా కనిపిస్తాయి. 8×42 బైనాక్యులర్స్ చాలు.

కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) తీసుకునేవాళ్లు కనీసం 60 అడుగుల దూరం పాటించండి. నేరుగా వాటి మీదకి పోనివ్వద్దు, పక్కగా ఆగకుండా దాటిపోవాలి. ఆటర్ తల ఎత్తి మీ వైపు చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టే, మెల్లగా వెనక్కి రండి. ఇది చిన్న విషయం కాదు. సీల్స్‌కున్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర లేదు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి రోజూ తమ బరువులో పావు వంతు తినాలి. బెదిరి మునిగిన ప్రతిసారీ ఆ శక్తి వృథా.

మాస్ ల్యాండింగ్ దగ్గర సముద్రపు పోటు వచ్చే పాయ ఎల్క్‌హార్న్ స్లూలో ఉన్న ఆటర్లలో సగానికి పైగా మాంటెరీ బే అక్వేరియంలో పెంపుడు తల్లి ఆటర్ల దగ్గర పెరిగిన అనాథ ఆటర్ పిల్లలూ, వాటి సంతానమూ. ఒడ్డున ఒంటరి ఆటర్ పిల్ల కనిపిస్తే ముట్టుకోకండి, నీళ్లలోకి తోయకండి, అక్వేరియం వాళ్లకి ఫోన్ చేయండి.

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు దాని లిట్టర్ (మలం కలిసిన ఇసుక) టాయిలెట్‌లో వేయకండి. అందులోని టాక్సోప్లాస్మా పరాన్నజీవి సముద్రం చేరి సీ ఆటర్లను చంపుతోంది.