జిల్లా విద్యాశాఖాధికారి గారికి: మా బడికి ఒక వర్షమాపకం ఇప్పించండి

అయ్యా,

ఉద్దానం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది మా పలాస దగ్గరే. ఇక్కడ తుపాను కొత్త కాదు, వాతావరణ పాఠం మాత్రం బట్టీయే.

"8 సెంటీమీటర్ల వాన అంటే ఎంత మేడం?" అని నాలుగో తరగతి పిల్లాడు అడిగాడు. నిటారు గోడల డబ్బాలో స్కేలు పెట్టి చూపించాను. చదరపు మీటరులో ఒక మిల్లీమీటరు వానంటే లీటరు నీళ్లు. ఇక చూడండి, ఎవరి పెరట్లో ఎన్ని బిందెలు పడ్డాయో లెక్కలే లెక్కలు! (ఎక్కాలు అడిగితే మాత్రం పారిపోతారు.) తాతలు చెప్పే మృగశిర, ఆరుద్ర కార్తెలూ క్లాసులోకి వచ్చాయి.

ప్రొజెక్టర్ వద్దండీ. వర్షమాపకం, థర్మామీటరు, ఒక రిజిస్టరు చాలు. వాతావరణ శాఖలాగే ఉదయం 8:30కి పిల్లలే కొలిచి రాస్తారు. అక్టోబర్ తుపాన్ల లోపు ఇప్పించగలరా?

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు