డప్పు కాచుకోవడానికి పది నిమిషాలివ్వండి

సంపాదకులకు,
పాత జానపద వరసల మీద సొంత పాటలు కట్టి, గిటారుతో పాడే యువత తిరుపతిలో కనిపించడం మాకెంతో సంతోషం. 1960ల అమెరికా జానపద పునరుజ్జీవనంలోనూ గొంతు, గిటారే పెట్టుబడి. ఇక్కడ పక్కన డప్పు చేరడంతోనే చిక్కు. రాత్రి తేమకు తోలు సడలి శబ్దం బొంగురుపోతుంది. వేదికెక్కే ముందు సెగన, గుండ్రంగా తిప్పుతూ, కణకణమనేదాకా కాచాలి. ఒకేచోట ఆపితే తోలు మాడి పగులుతుంది. గొంతుకు తగ్గట్టు శ్రుతి పెంచాలంటే గిటారు తీగలు లాగొద్దు, తెగొచ్చు. తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు, క్యాపోను గిటారు మెడ మీది రెండో మెట్టుకు ఆనించి బిగిస్తే చాలు. మెట్టుకు దూరంగా పెడితే తీగ జీరగా మోగుతుంది. డప్పుకు, గాయకుడి మైకుకు మధ్య నాలుగడుగులైనా ఉండాలి. లేకుంటే పాటలో మాటే వినపడదు, కొత్తగా రాసిందంతా వృథా. గంగజాతర వేదికల నిర్వాహకులు ఈ పది నిమిషాలూ, నిప్పుకు కాస్త చోటూ కల్పించాలి.

– జానపద గాయకులు, వాద్యకారులు, తిరుపతి