లడ్లోలోని మా ఇరుగుపొరుగుకు

2024 ఆగస్టు 6న వచ్చిన గాలివానకు మా వీధిలో పెద్ద చెట్టు కూలి కరెంటు పోయింది. ఒంగోలు నుంచి వచ్చిన నాన్న ఇన్సులిన్ అంతా ఫ్రిజ్‌లోనే ఉంది. మా ఆయన ఊళ్లో లేరు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

అప్పుడు తలుపు తట్టింది పక్కింటి పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి, చేతిలో టార్చ్. "చల్లగా ఉంచాల్సిన మందులేమైనా ఉన్నాయా?" అన్నదే ఆవిడ మొదటి మాట. అరగంటలో ఇన్సులిన్ ఎదురింటివాళ్ల జనరేటర్ మీద నడిచే ఫ్రిజ్‌లోకి చేరింది. కరెంటు లేని నాలుగు రోజులూ వాళ్ల అబ్బాయి పూటపూటకీ తెచ్చి ఇచ్చాడు. భోజనం పంపినవాళ్లయితే నాన్న ఏం తింటారో ముందే కనుక్కుని మరీ పంపారు.

ఆ చీకటి సాయంత్రాల్లో వరండాలో కూర్చుని పెద్దావిడ చెప్పిన సంగతులు రాయకపోతే ఈ కృతజ్ఞత సగమే అవుతుంది.

లడ్లో అంటే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ పక్కన షేకర్ హైట్స్ అనే ఊళ్లోని ఒక పేట. కొంత భాగం క్లీవ్‌లాండ్‌లోకే వస్తుంది. 1956 జనవరిలో ఇక్కడ జాన్ పెగ్ అనే నల్లజాతి లాయర్ ఇంటి గ్యారేజ్‌ను బాంబుతో పేల్చారు. ఇరుగుపొరుగు తెల్లవాళ్లలో కొందరు ఆ కుటుంబానికి అండగా నిలిచారు. ఒకరి ఇళ్లకు ఒకరు వెళ్లి మాట్లాడుకోవడం మొదలైంది. 1957లో లడ్లో కమ్యూనిటీ అసోసియేషన్ పుట్టింది.

అసలు కష్టం ఆ తర్వాతే. నల్లవాళ్లు వస్తున్నారు, ధరలు పడిపోతాయి, ఇప్పుడే అమ్మేయండి అని బ్రోకర్లు భయపెట్టేవారు. కొందామని వచ్చిన తెల్లవాళ్లకు ఈ పేటలో ఇళ్లే చూపించేవారు కాదు. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడేవి. అందుకని అసోసియేషన్‌వాళ్లే ఇళ్లు చూపించారు, డబ్బు పోగేసి కొనేవాళ్లకు అప్పులిచ్చారు. రెండు రంగులవాళ్లూ ఉండాలన్న పట్టుదలతో తెల్లవాళ్లను రప్పించడానికే ఎక్కువ పాటుపడ్డారు. ఇల్లు వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు అది బాధే కదా అని అడిగాను. "బాధే. దాని మీద మాలో మాకు చాలా గొడవలయ్యాయి" అన్నారావిడ. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

తర్వాత మోర్లాండ్, లోమండ్ పేటల్లోనూ అసోసియేషన్లు వచ్చాయి. 1967లో ఇళ్ల విషయం చూడటానికి ఊరంతటికీ కలిపి ఒక ఆఫీసే పెట్టారు.

మేం ఇక్కడికి వచ్చినప్పుడు ఇల్లు అద్దెకిచ్చినాయన మా రంగు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. అది మామూలే అనుకున్నాను. ఆ మామూలు కోసం ఎంతమంది ఎన్నేళ్లు తిరిగారో అప్పుడు తెలియదు.

పెద్దమ్మా, ఎదురింటివాళ్లూ, ఐస్ మోసుకొచ్చిన పిల్లలూ, మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. ఇది మీకు మా పాప ఇంగ్లిష్‌లో చదివి వినిపిస్తుంది. నాన్న వెళ్లేలోపు వచ్చే ఆదివారం సాయంత్రం మా వరండాలో పులిహోర, గారెలు. తప్పకుండా రండి.