రాలేనని చెప్పి వచ్చిన తమ్ముడికి, మా సంఘానికి కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఎనిమిది వారాల తర్వాత మొన్న ఆదివారం ఆరాధనకు నడిచి వచ్చాను. చేతికర్ర ఉందనుకోండి, అయినా నడకే. సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే ఏడుపు తన్నుకొచ్చి నాలుగు మాటలు కూడా పెగల్లేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మెట్ల మీద జారి పడ్డ రాత్రి ఇంట్లో నేనొక్కదాన్నే. సంఘంలో కారున్న తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, తెల్లారగట్లే డ్యూటీ ఉంది, రాలేను" అన్నాడు. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. మరో నంబరు వెతుక్కుంటూ ఉండగానే గేటు చప్పుడైంది. వచ్చింది అతనే. సంజాయిషీ లేదు, ఉపదేశం లేదు. నా కాలు జాగ్రత్తగా వెనక సీటు మీద పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కట్టు కట్టేదాకా ఉండి, అక్కణ్ణించే డ్యూటీకి వెళ్లిపోయాడు.

మత్తయి 21లో ఇద్దరు కుమారుల కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ద్రాక్షతోటలో పని చేయమంటే మొదటివాడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు "అయ్యా, పోదును" అన్నాడు, పోలేదు. నేనెప్పుడూ రెండోవాణ్ణే దులిపేదాన్ని, మొదటివాడి దగ్గర ఆగిందే లేదు. ఫోన్ పెట్టేశాక ఆ తమ్ముడు మంచం మీద కూర్చుని ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆ కొద్ది నిమిషాలే నాకు దొరికిన సహాయం.

మరి నేనో? మా తరగతి గోడ మీద "నేనున్నాను నన్ను పంపుము" అని యెషయా 6:8 పెద్ద అక్షరాలతో రాసింది నేనే. "ఏ అవసరమున్నా చెప్పండి" అని ఎంతమందితో అన్నానో. వాళ్లు చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. రెండోవాణ్ణి ఎందుకంత దులిపేదాన్నో ఇప్పుడు అర్థమవుతోంది.

నా తరగతి తీసుకున్న చెల్లెమ్మకు కూడా వందనాలు. నలుగురిలో నోరు విప్పాలంటే భయపడే మనిషి. నిర్గమకాండము 4లో మోషే చెప్పుకున్న నోటి మాంద్యం తనదేనంటుంది. దేవుడు మోషేకు అహరోనును తోడిచ్చాడు, ఈమెకు మాత్రం పన్నెండుమంది అల్లరి పిల్లల్నిచ్చాడు! మొదటి వారం కాగితం చూసి చదివిందట. ఇప్పుడు పిల్లలు "ఆ టీచరే కావాలి" అంటున్నారు. కొంచెం కుళ్లుగానే ఉంది, అయినా తరగతి ఆమెకే ఉండనివ్వండి. నేను పక్కన కూర్చుని హాజరు వేస్తాను.

అన్నిటికంటే కష్టమైంది చెప్పాలి. స్త్రీల కూడికలోని పెద్దమ్మగారు నాకు స్నానం చేయించడానికి వచ్చారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ. "మీరా? వద్దంటే వద్దు" అని మొండికేశాను. యేసు తన పాదాలు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న పేతురు మాట వినయం అనుకునేదాన్ని. నా నోట అదే వచ్చినప్పుడు అందులో సగం బిగువేనని తెలిసింది. పెద్దమ్మగారు వాదించలేదు. బకెట్ నిండాక కొళాయి కట్టేసి, "నీళ్లు చల్లారిపోతున్నాయమ్మా" అన్నారు. అంతే. ఆ తర్వాత నేను వద్దనలేదు.

రోజూ ఫోన్‌లో ప్రార్థించిన పాస్టర్ గారికీ, మందులు తెచ్చిపెట్టిన యౌవనస్థులకూ, పేర్లు చెప్పకుండా సాయం చేసి వెళ్లిన వాళ్లకూ కృతజ్ఞతలు. తమ్ముడూ, నువ్వు డ్యూటీలో ఉండి ఇది చూడకపోవచ్చు. ఎవరైనా చదివి వినిపించండి.

ఇంకొక్క మాట. రోగుల్ని చూసి రావడానికి వెళ్లేవాళ్ల జాబితాలో బుధవారం ఎదురుగా ఖాళీ ఉందని విన్నాను. అక్కడ నా పేరు రాయండి. మొదటి నెల మాత్రం మెట్లు లేని వార్డు చూడండి.